ఎంత దూరం నుంచి?

గుడివాడ స్టేషన్లో బందరు ప్యాసింజర్ ఎక్కి కూర్చున్నాను. ఎదురు సీట్లో అరవయ్యేళ్ల పెద్దమనిషి ఫోన్లో మాట్లాడుతున్నారు. చూస్తే చేపల చెరువుల ఆసామిలా ఉన్నారు. రైలు కదిలిన చప్పుడుకి ఆయన గొంతు ఇంకాస్త పెరిగింది. ముందు బ్యాంకు ఖాతా నంబరు చెప్పారు, ఒక్కో అంకె విడదీసి, రెండుసార్లు. తర్వాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడు. ఆ తర్వాత "వచ్చిందొచ్చింది, రాసుకోరా" అంటూ ఓటీపీ. పల్లీలమ్మే కుర్రాడితో సహా పెట్టెలో సగంమందికి ఆ ఆరంకెలూ వినబడ్డాయి. ఫోను పెట్టేశాక మాటలు కలిపారు. నేను సైన్సు గురించి రాస్తుంటానని తెలియగానే జేబులోంచి తోలు పర్సు తీసి చూపించారు.

"మా అబ్బాయి డాలస్ నుంచి పంపాడండీ. ఇందులో కార్డు పెట్టుకుంటే ఎవడూ గాల్లోంచి లాగలేడంట. నిజమేనంటారా?"

నిజమే. ఆ పర్సు చెప్పిన పని చేస్తుంది. కాకపోతే అది ఆపగలిగే దొంగ మా పెట్టెలో లేడు. ఉన్న దొంగకి చెవులు చాలు.

ఈ మధ్య ప్రయాణాల సామాన్లలో ఇలాంటి వస్తువులు ఒక బజారంత తయారయ్యాయి. కార్డుని కాపాడే పర్సు, పక్కవాళ్లకి కనబడనివ్వని ఫోను అద్దం, ల్యాప్‌టాప్ కెమెరా మీద జరిపే మూత, చార్జింగ్ తీగకి తగిలించే బుడిపె, సిగ్నల్ ఆపే సంచి, పార్సిల్ మీద చిరునామా చెరిపే రోలరు, దాచిన కెమెరాలు పట్టే యంత్రం. ఒక్కొక్కటీ వందల నుంచి వేల రూపాయలు. పత్రికలు గోప్యత అనే పదం వాడతాయి కానీ మన ఇళ్లలో దానికి ఎప్పటినుంచో ఉన్న మాట గుట్టు. అది ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా తేల్చారు. ఆ హక్కుని జేబులో ఎలా మోసుకు తిరగాలో తీర్పులో ఉండదు కదా. ఆ పని కొంత భౌతికశాస్త్రానిది, కొంత మన బుర్రది.

ఈ వస్తువుల్లో దేన్ని కొనబోతున్నా నేను ఒక ప్రశ్న అడుగుతాను: ఎంత దూరం నుంచి? నా నుంచి బయటికి పోయేది వెలుతురా, రేడియో తరంగమా, సిరాయా, మాటా, వేలిముద్రా? అది ఎంత దూరం పోతుంది? ఆ దూరంలో ఎవరున్నారు? డెల్టాలో పుట్టినవాడికి ఇది కొత్త కాదు. గండి పడేచోటు చూసుకుని కట్ట వేస్తాం కానీ ఖాళీగా ఉన్నచోట వేయం.

పర్సు దగ్గరే మొదలుపెడదాం. తాకించి డబ్బు కట్టే కార్డులో బ్యాటరీ ఉండదు. ప్లాస్టిక్ పొరల మధ్య అంచు వెంబడి సన్నటి తీగచుట్ట, దానికో చిప్పు, అంతే. దుకాణంలో ఉండే యంత్రంలో ఇంకో తీగచుట్ట ఉంటుంది. అందులో కరెంటు సెకనుకి 1 కోటీ 35 లక్షల 60 వేలసార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపుకి పుట్టే అయస్కాంత క్షేత్రం కార్డు చుట్టలో కరెంటు పుట్టిస్తుంది. ఊరి చివర ట్రాన్స్‌ఫార్మర్లో ఒక చుట్ట నుంచి ఇంకో చుట్టకి కరెంటు వచ్చినట్టే. చిప్పు ఆ అరువు కరెంటుతోనే మేలుకుని జవాబు చెబుతుంది.

ఇంత దగ్గరి క్షేత్రం దూరం పెరిగేకొద్దీ దారుణంగా పడిపోతుంది. చుట్ట సైజుని దాటి కాస్త ఎడంగా వచ్చాక, దూరం రెట్టింపైతే బలం ఎనిమిదో వంతు, పదింతలైతే వెయ్యో వంతు. అందుకే దుకాణదారు "ఇంకొంచెం దగ్గరగా పెట్టండి సార్" అంటాడు. మూడు నాలుగు సెంటీమీటర్ల వ్యవహారం ఇది. గాల్లోంచి లాగాలంటే దొంగ మీ జేబుకి తన యంత్రాన్ని ఆనించాలి. అంత దగ్గరకి వచ్చినవాడు పర్సే కొట్టేస్తాడు. పైగా ప్రతిసారీ చిప్పు ఆ ఒక్క లావాదేవీకే పనికొచ్చే గుప్తసంకేతం తయారుచేస్తుంది, నిన్నటిది ఇవాళ చెల్లదు. పిన్ లేకుండా ఒక్కసారికి 5,000 రూపాయలే పోతాయి, ఆ పరిమితి 2021 జనవరి నుంచి ఉంది. ఇవన్నీ చాలవనుకుంటే, తాకింపు సౌకర్యాన్ని బ్యాంకు యాప్‌లో ఆపేయవచ్చు. 2020లో రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకుల చేతా ఈ మీట పెట్టించింది. దానికి పైసా ఖర్చు లేదు.

పర్సు మరి ఎలా ఆపుతుంది? తోలు మడతల్లో ఒక లోహపు రేకు ఉంటుంది. యంత్రం పంపే క్షేత్రానికి ఆ రేకులో సుడి కరెంట్లు పుట్టి ఎదురుతిరుగుతాయి. చపాతీలు చుట్టే అల్యూమినియం కాగితం కూడా ఇదే చేస్తుంది. కొడుకు ప్రేమగా పంపిన పర్సుకి మాత్రం ఇది బదులు కాదు. అందుకే ఆయనతో ఆ మాట అనలేదు. "ఓటీపీ ఇంకెవరికీ చెప్పకండి, మీ అబ్బాయికైనా సరే" అన్నాను. "వాడు నా కొడుకే కదండీ" అన్నారు.

టోల్‌గేటు దగ్గర కారు అద్దానికి అంటించే ఫాస్టాగ్‌నీ ఈ కార్డునీ ఒకే గాటన కడుతుంటారు. ఫాస్టాగ్ పనిచేసేది 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య. అక్కడ యాంటెన్నా అసలైన రేడియో తరంగాన్ని విసురుతుంది. అది మీటర్ల దూరం నుంచే చదువుతుంది. చదవాల్సిందే, దాని పుట్టుకే అందుకు. పక్కపక్కనే ఉన్న రెండు చిప్పుల్లో ఒకటి బెత్తెడు దూరంలో మూగబోతుంది, ఇంకోటి నడిచే కారులోంచి పలుకుతుంది.

రైల్లో నిజంగా పనికొచ్చే వస్తువు ఫోను మీద అంటించే నల్ల అద్దం. దాని పనితనం చూస్తే మన పాత ఇళ్ల కిటికీ చెక్కలు గుర్తొస్తాయి. వరుసగా నిలువు పలకలు, వాటి మధ్య సందులు. ఎదురుగా నిలబడితే లోపల కనబడుతుంది, పక్కకు జరిగితే పలకల అంచులే కనబడతాయి. ఈ అద్దంలో ఆ పలకలు కంటికి ఆనని సన్నపు నల్ల గోడలు. మామూలుగా అటు 30 డిగ్రీలు, ఇటు 30 డిగ్రీలు దాటితే తెర చీకటి.

ఫోను మీ కళ్లకి 35 సెంటీమీటర్ల దూరంలో ఉంది, పక్క సీటాయన తల మీ తలకి 45 సెంటీమీటర్లు పక్కగా ఉంది అనుకోండి. ఆయన చూపు తెరని 50 డిగ్రీల పైన కోణంలో తాకుతుంది. ఆయనకి నల్లటి పలకే. ఇప్పుడు మీ వెనక రాడ్డు పట్టుకుని నిలబడ్డవాడిని చూడండి. అతని తల మీ భుజం మీదుగా ఓ జానెడు పక్కగా, ఫోనుకి మీటరు దూరంలో ఉంటే కోణం పదీ పదిహేను డిగ్రీలే. అతనికి మీ తెర మీకు కనబడినట్టే కనబడుతుంది. సినిమా చూడ్డానికి ఫోను అడ్డంగా తిప్పారా, గోడలు కూడా అడ్డం తిరుగుతాయి, పక్కవాళ్లకి తలుపు తెరుచుకుంటుంది. నాలుగు వైపులా ఆపే రకాలూ ఉన్నాయి కానీ వాటితో తెర మరీ మసకబారుతుంది, వెలుగు పెంచుతాం, చార్జింగ్ మధ్యాహ్నానికే అయిపోతుంది. కూర్చుని ప్రయాణం చేసేవాళ్లకి ఈ అద్దం కొనమంటాను. బస్సులో నిలబడి వెళ్లేవాళ్లకి అనవసరం.

చార్జింగ్ తీగకి తగిలించే బుడిపె సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. మామూలు యూఎస్‌బీ తీగలో కరెంటుకి రెండు దారులు, సమాచారానికి రెండు దారులు. బుడిపె ఆ రెండో జతని తెంపేస్తుంది. బస్టాండుల్లో చార్జింగ్ పాయింట్ ద్వారా ఫోనులోకి చొరబడే ప్రమాదం గురించి 2011 నుంచి నిపుణులు చెబుతూనే ఉన్నారు. ఇప్పటి ఫోన్లు మాత్రం మిమ్మల్ని అడగకుండా ఆ రెండో జతని తెరవవు. గోడకున్న మామూలు ప్లగ్గులో మీ సొంత చార్జర్ పెట్టుకుంటే అసలు గొడవే లేదు, అందులోంచి వచ్చేది ఒట్టి కరెంటే. అడుగుతున్న ప్రశ్న చదవకుండా "సరే" నొక్కే అలవాటుంటేనే బుడిపె కొనుక్కోండి. ల్యాప్‌టాప్ కెమెరాకి మూత అవసరమే, కొనక్కర్లేదు. మా మేనకోడలు బొట్టుబిళ్ల అంటిస్తుంది. జిగురు అద్దానికి అంటకుండా కింద చిన్న కాగితం ముక్క పెడితే చాలు. పైన ప్లాస్టిక్ మూత పెట్టి మరీ గట్టిగా మూస్తే తెర పగిలే ప్రమాదముందని 2020లో యాపిల్ కంపెనీయే తన కొనుగోలుదారుల్ని హెచ్చరించింది. ఏ మూతైనా చూపుని ఆపుతుంది గానీ మైకుని ఆపదు.

గుడ్లవల్లేరు వచ్చింది. 2024 ఆగస్టు చివర్లో ఇక్కడి ఓ ఇంజనీరింగ్ కాలేజీలో అమ్మాయిలు రాత్రంతా రోడ్డు మీద కూర్చున్నారు. హాస్టల్ బాత్రూముల్లో కెమెరాలు పెట్టారన్న మాట పాకింది. సెల్‌ఫోను వెలుతుర్లలో "మాకు న్యాయం కావాలి" అన్న అరుపులు రాష్ట్రమంతా వింది. పోలీసులు వచ్చి వెతికారు, కెమెరాలు దొరకలేదని చెప్పారు. ఆ కేసులో నిజానిజాలు తేల్చడం నా పని కాదు. నన్ను కలవరపెట్టింది వేరే విషయం. సర్క్యూట్లు చదువుకునే వందలమంది పిల్లలకి, తమ గదిలో కెమెరా ఉందో లేదో చూసుకునే దారి ఎవరూ చెప్పలేదు. అందుకే ఇక్కడ కాస్త ఆగుతున్నాను.

కెమెరాకి కన్ను తప్పనిసరి. ఎంత దాచినా కటకం బయటికి చూడాల్సిందే. దాని రంధ్రం నువ్వుగింజంత ఉండొచ్చు కానీ ఉండకుండా పోదు. ఈ కటకానికి ఒక దోషం ఉంది. లోపలికి వచ్చిన వెలుతురుని అది వెనకున్న సెన్సరు మీద ఒక బిందువుగా చేరుస్తుంది. సెన్సరు అందులో కొంత వెనక్కి కొడుతుంది. వెనక్కి వచ్చే వెలుతురు అదే కటకం గుండా, వచ్చిన దారినే తిరిగి పోతుంది. రాత్రి పూట లైటు వేస్తే పిల్లి కళ్లు మెరిసేది ఇందుకే.

కాబట్టి గది చీకటి చేసి, టార్చిని కంటి పక్కనే, దాదాపు కణతకి ఆనించి పట్టుకోవాలి. టార్చి కిందెక్కడో పొట్ట దగ్గర పట్టుకుంటే మెరుపు పొట్టకే తిరిగొస్తుంది, కంటికి చేరదు. గోడ గడియారం, స్విచ్చుబోర్డు, పొగ పసిగట్టే బిళ్ల, మంచానికి ఎదురుగా దేనికీ పనికిరాకుండా ఉన్న చార్జరు, ఇలా ఒక్కోదాన్నీ రెండడుగుల నుంచి మెల్లగా చూడాలి. మేకు తల కూడా మెరుస్తుంది. తేడా ఏమిటంటే, మీరు తల కొంచెం కదిపితే మేకు మెరుపు ఆరిపోతుంది. కటకం మాత్రం మీరు కదిలినా కొంతమేర మీవైపే మెరుస్తూ ఉంటుంది. ఎర్ర అద్దంలోంచి చూసే యంత్రాలు అమ్ముతారు, వాటిలో ఉన్నదీ ఇదే కిటుకు. చుట్టూ ఎర్ర దీపాలు, మధ్యలో ఎర్ర గాజు. మిగతా రంగులు వడపోసి మెరుపుని తేటగా చూపిస్తాయి. కాస్త సుఖం, అంతే.

చీకట్లో చూసే కెమెరాలైతే తమ దీపాలు తామే వెలిగించుకుంటాయి, మన కంటికి ఆనని పరారుణంలో. టీవీ రిమోట్ ముందు బల్బుని ఫోను కెమెరాలోంచి చూస్తూ మీట నొక్కండి. తెల్లగానో ఊదారంగులోనో మిణుకుమంటే మీ ఫోను పరారుణం చూడగలదన్నమాట. చాలా ఫోన్లలో వెనక కెమెరాకి వడపోత గట్టిది, ముందు కెమెరాయే నయం. దీపాలు ఆర్పేసి దాంతో గది చుట్టూ చూడాలి.

ఇక కూతపెట్టే యంత్రాలు, అవే రేడియో తరంగాల్ని పట్టేవి. చవకరకం ఒకటి నేనూ కొన్నాను. మోపిదేవి వెళ్లినప్పుడు లాడ్జి గదిలో ఆన్ చేశాను. పక్కగది వైఫైకి కూసింది, నా ఫోనుకే కూసింది, కిందనుంచి బైకు మీద ఎవరో బ్లూటూత్‌లో పాటలు వింటూ పోతే దానికీ కూసింది. దాచినవాడు బొమ్మల్ని మెమరీ కార్డు మీదే దాచుకుంటే మాత్రం గాల్లోకి ఏ తరంగమూ పోదు. అప్పుడీ యంత్రం హాయిగా నిద్రపోతుంది. డబ్బులు దండగ.

అద్దం మీద గోరు పెట్టి, గోరుకీ ప్రతిబింబానికీ మధ్య సందు లేకపోతే అద్దం వెనక మనిషున్నాడని చెప్పే చిట్కా కూడా నమ్మకండి. వెండిపూత గాజుకి ముందుందా వెనకుందా అన్నదే ఆ సందు చెప్పేది. అటునుంచి చూసే అద్దం పనిచేయడానికి కావాల్సింది వెలుతురులో తేడా. ఇటు వెలుగు, అటు చీకటి. టార్చిని అద్దానికి ఆనించి, రెండు చేతులూ దోసిలిపట్టి లోపలికి చూస్తే అటువైపు గది ఉందో లేదో తెలిసిపోతుంది.

ఇంత వెతికినా ఏమీ దొరకలేదంటే ఏమీ లేదని రుజువైనట్టు కాదు. అనుమానం వచ్చినదాని మీద తువ్వాలు వేయండి. నిజంగా దొరికితే మాత్రం దాన్ని ముట్టుకోవద్దు, వేలిముద్రలు చెరిగిపోతాయి. ఫొటో తీసి 112కి ఫోన్ చేయండి. స్త్రీని ఏకాంతంలో చాటుగా చూడటం, చిత్రించడం భారతీయ న్యాయసంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికి ఏడాది నుంచి మూడేళ్లు, మళ్లీ చేస్తే మూడు నుంచి ఏడేళ్ల జైలు.

పెడన. కలంకారీ అద్దకం ఊరు. పార్సిల్ మీద పేరూ ఫోను నంబరూ చెరిపే జపాన్ రోలరు గురించి చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. ఆ రోలరు నల్లటి పట్టీ వేయదు. కలగాపులగంగా అక్షరాలు అచ్చేస్తుంది, అక్షరాల మీద అక్షరాలు. మార్కరుతో నల్లగా పూస్తే చాలదా? చాలదు. అచ్చు నలుపూ మార్కరు నలుపూ వేర్వేరు. కాగితాన్ని వాలుగా వెలుతుర్లో పెడితే కింది అంకెలు వేరే మెరుపుతో తేలతాయి. అక్షరాల గుంపులో అక్షరాన్ని దాస్తే కన్ను దేన్ని విడదీయాలో తెలియక తికమకపడుతుంది. బ్యాంకు కవరు లోపలివైపు నీలం గీతల అచ్చు ఉండేదీ ఇందుకే. తెల్ల పంచె మీద పులుసు చుక్క పడితే ఊరంతా చూస్తుంది. పెడన చీర మీద పడితే ఆకులూ తీగల మధ్య అదో ఆకైపోతుంది.

అయినా ఆ రోలరు కొనకండి. ఈ రోజుల్లో పార్సిల్ చీటీలు చాలావరకు సిరాతో అచ్చేసినవి కావు, వేడితో నల్లబడే కాగితం. గోటితో గట్టిగా గీరితే నల్లటి గీత పడిందంటే అదే. చీటీని కత్తిరించి, మీద ఇంకో కాగితం వేసి ఇస్త్రీపెట్టె ఆనించండి. నిమిషంలో చీటీ మొత్తం నల్లబడుతుంది. మీ పేరు ఏ నలుపో చీటీ కూడా అదే నలుపు. వాలుగా పెట్టినా విడదీయడం కష్టం.

చిలకలపూడి స్టేషన్ దాటుతుంటే సిగ్నల్ సంచి గుర్తుకొస్తుంది. ఇక్కడి రోల్డ్‌గోల్డ్ నగల కిటుకు అందరికీ తెలిసిందే. లోపల చవక లోహం, పైన బంగారం పలుచటి పొర. చూసేవాళ్ల కంటికి ఆ పొరే బంగారం. రేడియో తరంగానికీ లోహం అలాగే కనబడుతుంది, పైపొర చాలు. ఫోన్లు వాడే 900 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం రాగిలోకి చొచ్చుకుపోయే లోతు రెండు మైక్రాన్ల పైచిలుకు, అంటే మిల్లీమీటరులో దాదాపు 500వ వంతు. అందుకే గుడ్డ దారాలకి రాగీ నికెలూ పూతపూస్తే సరిపోతుంది. మైకేల్ ఫారడే 1836లో లండన్లో పన్నెండడుగుల గది ఒకటి కట్టి, లోహపు తొడుగు వేసి, బయట నిప్పురవ్వలు చిమ్మేలా విద్యుత్తు ఎక్కించి, తను లోపల దీపాలూ పరికరాలూ పట్టుకుని కూర్చున్నాడు. లోపల ఆయనకి విద్యుత్తు జాడే దొరకలేదు. ఇప్పటి సంచి ఆ గదికి మనవరాలు.

అయితే ఇంట్లో ఒక పరీక్ష చేసి చూడండి. ఫోనుని స్టీలు క్యారియర్ గిన్నెలో పెట్టి మూతేసి రింగివ్వండి. చాలాసార్లు మోగుతుంది. లోహం పలచనై కాదు, మూత చుట్టూ ఉన్న సన్నటి సందు వల్ల. తరంగం తప్పించుకోవడానికి సందు వెడల్పు కాదు, పొడవు ముఖ్యం. మూత చుట్టుకొలత ఓ మూరెడు ఉంటుంది, ఆ తరంగం పొడవు 33 సెంటీమీటర్లు. బాగా సరిపోయింది. దానికి తోడు ఫోను చెవి చాలా సూక్ష్మం. టవరు పక్కన అందే సిగ్నల్‌లో పదిలక్షల వంతు అందినా అది పలుకుతుంది. సంచి 99.9 శాతం ఆపుతుందని డబ్బా మీద రాశారంటే, ఊళ్లో టవరు కింద ఫోను మోగుతూనే ఉంటుందని అర్థం. మడతలు పడ్డచోట పూత పగులుతుంది, ఆర్నెల్లకి సంచి ఒట్టి గుడ్డ. సంచిలోని ఫోను టవరు కోసం గొంతు చించుకుని బ్యాటరీ కూడా తినేస్తుంది.

నిజంగా దాని అవసరం ఉన్నది తాళంచెవి తిప్పకుండా మీట నొక్కితే స్టార్టయ్యే కార్లున్నవాళ్లకి. ఇంట్లో గుమ్మం పక్కన వేలాడే తాళంచెవి సిగ్నల్‌ని ఇద్దరు దొంగలు యంత్రాలతో అందుకుని, వీధిలోని కారు దాకా చేరవేసే పద్ధతి ఒకటుంది. తాళంచెవిని సంచిలో పెట్టి కారు పక్కన నిలబడి తలుపు లాగండి. తెరుచుకుంటే సంచిని కొట్టుకే తిప్పి ఇచ్చేయండి.

బందరులో దిగి కోనేరు సెంటర్ దాకా నడిచాను. ఒక జిరాక్స్ షాపులో పని. "వాట్సాప్ చేసెయ్యండి సార్" అని గోడ మీద నంబరు చూపించాడు కుర్రాడు. ముందే పంపినవాళ్ల వరస అతని తెర మీద కనబడుతోంది. ఎవరివో ఆధార్ కార్డులు, ఒకావిడ పెళ్లి ఫొటో, ఏదో ఆసుపత్రి రిపోర్టు. నాకిచ్చిన కాగితాల్లో రెండోది నాది కాదు, ఉయ్యూరు ఆయన పాన్ కార్డు. చెబితే నవ్వి చించేశాడు. ఆ కంప్యూటర్లోది ఎవరు చించుతారు?

ఇప్పటిదాకా చెప్పిన పర్సులూ సంచులూ ఆపలేని గండి ఇదే. ఇక్కడ దూరం సున్నా. మనమే చేతికిస్తున్నాం. దీనికి వస్తువు లేకపోలేదు, రెండున్నాయి. మొదటిది ముసుగు ఆధార్. పన్నెండంకెల్లో చివరి నాలుగే కనబడతాయి, ఆధార్ సంస్థ వెబ్‌సైట్లోనే దొరుకుతుంది. ఆధార్ జిరాక్సులు ఎవరికిపడితే వారికి ఇవ్వకండి, ముసుగుదే ఇవ్వండి అని 2022 మేలో ఆ సంస్థ బెంగళూరు కార్యాలయం ప్రకటన ఇచ్చింది. జనం కంగారుపడ్డారని రెండు రోజుల్లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. సలహా మాత్రం మంచిదే. రెండోది బాల్‌పెన్ను. జిరాక్స్ మీద, బొమ్మా అంకెల మీదుగా ఏటవాలుగా "ఫలానా గ్యాస్ కనెక్షన్‌కి మాత్రమే" అని రాసి తేదీ వేయండి. చెక్కు మీద రెండు గీతలు గీసినట్టే. అంచున తెల్లచోట రాస్తే కత్తిరించేస్తారు.

మనం చేతికిచ్చే ఇంకోచోటు, రిజిస్ట్రేషన్ ఆఫీసు కూడా ఊళ్లోనే. భూమి దస్తావేజులు రహస్యం కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం ఎవరైనా రుసుము కట్టి చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. అది మంచికే, లేకపోతే ఒకే పొలం పదిమందికి అమ్మేవాళ్లు. 2001లో చట్టం సవరించి దస్తావేజు మీద ఫొటో, వేలిముద్రలు తప్పనిసరి చేశారు. అప్పటికి వేలిముద్ర అంటే నిశానీ, సంతకం లాంటిది. మనిషిని గుర్తుపట్టడానికి. 1858లో బెంగాల్లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక కాంట్రాక్టరు చేతిముద్ర ఒప్పందం మీద వేయించిన నాటినుంచీ అంతే. ఆ తర్వాత ఆధార్ వచ్చి అదే ముద్రని తాళంచెవిగా మార్చింది. సంతకం నలుగురికీ కనబడాలి, తాళంచెవి కనబడకూడదు. ఒకే బొటనవేలు రెండు పనులూ చేస్తోంది. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లోని దస్తావేజుల నుంచి ముద్రలు ఎత్తి, రబ్బరు అచ్చులు చేసి, వేల సిమ్‌లు తెరిచి దొరికిపోయాడు. తర్వాత ఇదే దారిన బ్యాంకు ఖాతాల్లో డబ్బు తీసిన ముఠాలు కూడా పట్టుబడ్డాయి. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం. మనిషికి బొటనవేళ్లు రెండే.

పులిగడ్డ వంతెన దాటి దివిసీమలోకి వచ్చేసరికి సాయంత్రమైంది. అవనిగడ్డ దగ్గర మా పిన్ని ఉంటుంది. 1977 నవంబరు 19 ఉప్పెనలో వాళ్లింట్లో గోడలు మిగిలాయి కానీ కాగితం ముక్క మిగల్లేదు. అప్పటినుంచి పాస్‌బుక్కూ పింఛను కార్డూ ఆధార్‌ కార్డూ ప్లాస్టిక్ సంచిలో చుట్టి, దాన్ని మళ్లీ స్టీలు డబ్బాలో పెట్టి అటక మీద ఉంచుతుంది. కుప్పనూర్చి, నారు పీకి, రొయ్యలు ఒలిచిన వేళ్లు ఆవిడవి. గీతలు అరిగిపోయి, నెలకి ఒకటి రెండుసార్లు యంత్రం ఆవిడని గుర్తుపట్టదు.

ఎలాగో ఒకటో రెండో ప్రయత్నాలకి గుర్తుపట్టే ఆ వేలికి కూడా తాళం వేయొచ్చు. ఆధార్ సంస్థ యాప్‌లో వేలిముద్ర, కనుపాప, ముఖం మూడింటికీ కలిపి తాళం పడుతుంది. అచ్చు చేసిన రబ్బరు వేలు దొంగ చేతిలో ఉన్నా పని జరగదు. కావాల్సినప్పుడు పది నిమిషాలపాటు తాళం తీయొచ్చు. పిన్ని ఆధార్‌కి ముడిపడ్డ ఫోను నంబరు కూకట్‌పల్లిలో ఉద్యోగం చేసే మా తమ్ముడిది. తాళం వేసింది వాడే.

"ఒకటో తారీఖు పింఛను మరి?" అన్నాను.

"సచివాలయం వాళ్లు గుమ్మంలోకి రాగానే వాడికి ఫోన్ చేస్తాను. తీస్తాడు. పది నిమిషాల్లో వేలు పడాలి. కిందటి నెల సిగ్నల్ రాక పన్నెండు నిమిషాలైంది, మళ్లీ మూసుకుపోయింది. మళ్లీ ఫోన్ చేస్తే వాడు మీటింగులో ఉన్నాడు." చాటలో బియ్యం చెరుగుతూ నావైపు చూసింది. "ఆ సచివాలయం పిల్ల అరుగు మీదే కూర్చుంది పాపం. పొద్దున్నే ఏమీ తిన్లేదంట, ఉప్మా పెట్టాను."